కిటికీలు తీసేయించండి మహాప్రభో

గౌరవనీయులైన రైల్వే బోర్డు అధ్యక్షుల వారికి,

తిరువళ్లూరు, తిరుత్తణిల మధ్య సీజన్ టికెట్టు మీద బతుకు ఈడుస్తున్న ఒక ప్రయాణికుడు చేతులు జోడించి విన్నవించుకునేదేమనగా:

తమరి బండ్లకు కిటికీలు దండగ. దయచేసి తీసేయించండి.

1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల బండి ఈ తిరువళ్లూరు మీదుగానే వెళ్లింది. అప్పట్లో జనానికి వేరే కాలక్షేపం లేదు కాబట్టి కిటికీ పెట్టారంటే అర్థముంది. ఇప్పుడు ఎవరి కిటికీ వాళ్లు జేబులో పెట్టుకుని బండెక్కుతున్నారు. ఇంక ఊచలెందుకు, షట్టర్లెందుకు? గాలికి నాలుగు కన్నాలు వదిలి మిగతాది రేకు కొట్టించేస్తే, ఆ జాగాలో తలా ఒక చార్జింగ్ ప్లగ్గు పెట్టొచ్చు. కిటికీ సీటు కోసం జనం ఇంకా కొట్టుకుంటున్నారు కదా అంటారేమో. కొట్టుకుంటున్నది చూడ్డానికి కాదండీ, తల ఆనించుకుని వీడియో చూడ్డానికి.

చెన్నై నుంచి మైసూరు వెళ్లే వందే భారత్ మా ఊళ్లో ఆగదు గానీ మా ముందు నుంచే దూసుకుపోతుంది. దానికి ఎంతెంత అద్దాలో! ఆ అద్దాలకు మళ్లీ కిందికి లాగే తెరలు. చూడమని అద్దం, చూడొద్దని తెర. ఖర్చు రెండింటికీ తమరిదే.

మొన్నామధ్య నా ఎదురు సీటాయన ఫోనులో అరకు రైలు చూస్తున్నాడు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే బండికి 2017లో తమరు గాజు కప్పు పెట్టె తగిలించారు కదా, అదే. ఆ పెట్టెలో కూర్చుని ఎవరో తీసిన వీడియో. “ఆహా, కొండలంటే అవీ!” అన్నాడు. అన్నప్పుడు ఆయన వీపు వెనక తిరుత్తణి కొండ ఉంది.

ఆ కొండ సామాన్యమైనదా? దాని కోసం రెండు రాష్ట్రాలు పంతం పట్టాయి. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణిని తమిళనాట కలపాలని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం పోరాడారు. చివరికి మధ్యవర్తి పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న అది అప్పటి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా ఆంధ్రకు సత్యవేడు వైపు ఊళ్లు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు పోయిందే అని మా పెద్దవాళ్లు చాన్నాళ్లు గొణుక్కున్నారు. మాకు కావాలంటే మాకు కావాలని అంత రచ్చ చేసుకున్న కొండను ఈ రోజు ఇటువాళ్లూ చూడరు, అటువాళ్లూ చూడరు. సరిహద్దు తగాదా ఇంత సామరస్యంగా ముగిసిన చోటు దేశంలో ఇంకొకటి ఉంటుందనుకోను.

ఒకరోజు మా పెట్టెలో పళ్లిపట్టు వైపు తెలుగు అవ్వ ఒకామె మనవణ్ని అడిగింది: “అబ్బోడా, అదో అగపడతా ఉండే కొండ ఏందిరా?”

“ఉండవ్వా, సిగ్నల్ లేదు. వచ్చినాక చూసి చెప్తా.”

సిగ్నల్ వచ్చేసరికి కొండ వెనక్కి పోయింది. “నీకు గుండు కొట్టించింది ఆ కొండ మీదనే కదరా!” అంది అవ్వ. వాడు తల తడుముకున్నాడు. ఎత్తలేదు.

తిరుత్తణి దాటాక ఆంధ్రలోకి వస్తే వెంకటనరసింహరాజువారిపేట స్టేషను. అంత పొడుగు పేరున్న బోర్డును కూడా ఎవరూ తలెత్తి చదవరు. ఆపైన నగరి కొండలు. వాటిలో ముక్కులా పొడుచుకొచ్చిన శిఖరాన్ని వెనకటి ఓడవాళ్లు సముద్రం మీది నుంచి దారిగుర్తుగా పెట్టుకునేవాళ్లు. బంగాళాఖాతంలో ఉన్నవాడికి కనబడిన కొండ, కిటికీ పక్కన ఉన్నవాడికి కనబడదు.

2019 జూలైలో చెన్నై గొంతెండిపోతే జోలార్‌పేట నుంచి తమరి నీళ్ల బండి ఈ పట్టాల మీదుగానే విల్లివాక్కం చేరింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. ఆ రోజుల్లో పెట్టెలో అందరి నోటా పూండి జలాశయం మాటే. మన కృష్ణ నీళ్లు కండలేరు నుంచి వచ్చి చేరేది అక్కడికే. ఇవాళ ఎన్ని అడుగులుంది, నిన్న ఎంతుంది అని ఫోనులో చూసుకునేవాళ్లు. దారి పొడుగునా నెర్రెలు విచ్చిన చెరువులున్నాయి. వాటి వంక చూస్తే ఫోనుతో పనే ఉండేది కాదు.

అంబత్తూరు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి కూర్చున్న చోటే నిద్రపోయేవాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదని ఇక్కడే మనవి చేస్తున్నాను. వాళ్లను ఎవరూ లేపొద్దు.

నా గోడంతా మిగతావాళ్ల సంగతే. నవంబరు వానలు పడ్డాక నిండే చెరువు ఒకటి మా దారిలో ఉంది. తాటిచెట్లు నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంటాయి. మోకాటి లోతులో ఒక కొంగ, పక్కనే బర్రె వీపు మీద ఇంకొకటి. డ్రైవరు హారన్ కొడితే నీళ్లలోది కదలదు. బర్రె మీదిది మాత్రం ఉలిక్కిపడి లేచి, చిన్న చుట్టు చుట్టి మళ్లీ అదే వీపు మీద వాలుతుంది. బర్రె చెవి ఒకటి విదిలిస్తుంది, అంతే. రెండో తరగతి టికెట్టుతో దొరుకుతున్న ఈ వేడుకకు తమరు విడిగా చార్జీ పెట్టలేదు. తమరు చేసిన పొరపాటల్లా అదేనని నా నమ్మకం. అరకు పెట్టెలా దీనికీ రేటు కట్టి, ముందుగా బుక్ చేసుకోవాలంటే, ఒక్క మెడ వంగి ఉండేది కాదు.

కాబట్టి అయ్యా, కిటికీలు తీసేయించడమా, కిటికీకి టికెట్టు పెట్టడమా తమరే తేల్చండి. మూడో దారి కూడా ఉంది, ఖర్చు లేనిది: తర్వాతి స్టేషను పేరు చెప్పే ఆ గొంతుతోనే “కొండ వస్తోంది, తల ఎత్తండి” అని ఒక్క ముక్క చెప్పించడం. ఇవేవీ కుదరక రేకు కొట్టించడమే ఖాయమైతే, టెండరు సంక్రాంతి దాటాక పిలవండి. అప్పటిదాకా మా చెరువుల్లో నీళ్లుంటాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
తిరువళ్లూరు సీజన్ టికెట్టుదారు