ఫ్రేముల పొంతన

మా మేనకోడలి పెళ్లికి జాతకాలు కలిశాయి. గోత్రాలు కలవలేదు, అవి కలవకూడదు లెండి. వంటవాడికీ మా బావగారికీ కూడా ఎలాగోలా కలిసింది. కలవనివి వీడియోలు.

స్టూడియో కుర్రాడు సెకనుకి 25 ఫ్రేముల చొప్పున తీశాడు. డ్రోను కుర్రాడు 'సినిమా లుక్కండి' అంటూ 24కి ఎగరేశాడు. డల్లాస్ నుంచి దిగిన మేనల్లుడు తన ఫోను స్టాండుకి బిగించి, మండపానికి ఎదురుగా నిలబెట్టి, 30కి గంటసేపు తీసి, "మావయ్యా, అసలు వీడియో ఇదీ" అని నా చేతిలో పెట్టి విమానం ఎక్కేశాడు. మూడూ కలిపి ఒక్క ముక్కగా చేసిపెట్టమంటే ఎడిటింగు కుర్రాడు పెదవి విరిచాడు. "ఫ్రేమ్ రేట్లు కలవట్లేదండి, ఆయ్" అన్నాడు, అచ్చం పొంతన కుదరలేదని చెప్పే సిద్ధాంతిలాగా. శాంతికి ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ అంకె విన్నాక, మనమే చేసుకుందాం అని ఇంటికొచ్చేశాను.

నిజానికి తప్పు ఈ కుర్రాళ్లది కాదు, కరెంటుది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అమెరికాది 60 సార్లు. పాతరోజుల్లో టీవీవాళ్లు ఆ ఊపులో సగం లెక్కగట్టి మనకి 25 బొమ్మలు, వాళ్లకి 30 ఖాయం చేశారు. 1953లో రంగుల టీవీ కోసమని అమెరికావాళ్లు ఆ 30ని కాస్త గీకి 29.97 చేశారు. మా వీధి చివర కిరాణా కొట్టులో కూడా ఇంత చిల్లర లెక్క ఉండదు. సినిమావాళ్లు మాత్రం బొమ్మకి మాటలొచ్చిన దగ్గర్నుంచీ 24 మీదే కూర్చున్నారు. మేనల్లుడి వీడియోలో మండపం లైట్ల మీదుగా నల్లచారలు పాకుతుంటే, దిష్టి తగిలిందని మా అక్క ఎర్రనీళ్లు కలపబోయింది. దిష్టీ కాదు, గిష్టీ కాదు. ఫోనుది అమెరికా లెక్క, లైట్లది మా యానాం కరెంటు.

గీత దాటితే లెక్క మారిపోవడం మా ఊరికి కొత్త కూడా కాదు. 30 చదరపు కిలోమీటర్ల ఈ ముక్క 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. శారదా చట్టం 1930లో అమల్లోకొచ్చాక బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహం నేరమైంది. ఆ చట్టం ఇక్కడ చెల్లదు కాబట్టి చుట్టుపక్కల జిల్లాలవాళ్లు పిల్లల్ని వెంటేసుకుని మా ఊరొచ్చి, మూడు ముళ్లూ వేయించుకుని పోయేవారు. కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. చెప్పుకుని మురవదగ్గ పేరేం కాదు. ఇప్పుడు గీత దాటి వచ్చేవాళ్లు పెట్రోలు కోసం, ఇంకొక ద్రవం కోసం వస్తున్నారు.

సరే, వీడియోలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది. నొక్కడానికి బొత్తాలుండవు, నల్లతెర మీద ఆజ్ఞ టైపు చెయ్యాలి. 2000లో దీన్ని మొదలుపెట్టినవాడు ఫబ్రీస్ బెలార్ అనే ఫ్రెంచాయన. ఆ సంగతి తెలిశాక నాకు కాస్త చనువొచ్చింది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి ఏడు దశాబ్దాలైనా మా ఊరి పెళ్లిళ్లలో వాళ్ల చెయ్యి లేకుండా జరిగేట్టు లేదు.

ఫోల్డరులో ఉన్న ప్రతి ఫైలూ తియ్యి, 25 చెయ్యి, పేరుకి ముందు 'కొత్త' తగిలించి పక్కన పెట్టు. ఇంతే నా స్క్రిప్టు, నాలుగు లైన్లు. రాత్రి నడిపించి పడుకున్నాను. మర్నాడు ఆదివారం. వియ్యాలవారినీ, పెళ్లి చేయించిన సిద్ధాంతిగారినీ పిలిచి, మేనల్లుడి వీడియో టీవీకి తగిలించాను.

నలభయ్యో నిమిషంలో సిద్ధాంతిగారి గొంతు "గట్టిమేళం! గట్టిమేళం!" అంది. డోలూ సన్నాయీ దుమ్ము లేపేశాయి. తెరమీద మాత్రం నేనింకా పెళ్లికూతురి గంప మోసుకొస్తున్నాను. అదీ మోకాలిలోతు గోదాట్లో నడుస్తున్నట్టు, ఒక్కో అడుగే, నోరు తెరిచి. "అంత ఆయాసపడ్డారేవిటండీ!" అంది మా ఆవిడ. మేళం ఆగిపోయింది. అక్షింతలు వేసిన సందడి ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు ఐస్‌క్రీం కోసం ఏడవడం కూడా అయిపోయింది. అప్పుడు, నలభై ఎనిమిదో నిమిషంలో, జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టారు. సిద్ధాంతిగారు పంచాంగం తెప్పించుకున్నారు. "నేను పెట్టిన ముహూర్తం 9 గంటల 14 నిమిషాలకండి. మీరు 9.22 చేశారు. 9.20కే వర్జ్యం వచ్చేసింది" అన్నారు. వియ్యపురాలు నావైపు చూసిన చూపుకి లెక్క సెకనుకి ఎన్ని ఫ్రేములో నేను చెప్పలేను.

జరిగిందేమిటంటే, 'హైఫన్ ఆర్ 25' అన్న ముక్కని నేను ఫైలు పేరుకి ముందు రాశాను. ముందు రాస్తే, 'లోపలికొచ్చే బొమ్మలు సెకనుకి 25 అనుకో' అని దానికి అర్థం. సెకనుకి 30 చొప్పున తీసినవాటిని 25 చొప్పున నడిపిస్తే గంట కాస్తా 72 నిమిషాలకి సాగుతుంది. శబ్దం మాత్రం గంటకే ముగించి ఇంటికెళ్లిపోతుంది. అదే ముక్క ఫైలు పేరు తరవాత రాస్తే, 'బయటికి 25 ఇవ్వు' అని అర్థం. అప్పుడు కాలం కదలదు, ఎక్కువైన బొమ్మలు మాత్రం రాలిపోతాయి.

దిద్ది మళ్లీ నడిపాను. 'కొత్త' ఫైళ్లు అదే ఫోల్డరులో ఉన్న సంగతి మర్చిపోయాను. అది వాటినీ పట్టుకుని 'కొత్తకొత్త' చేసింది. ఇంకోసారి నడిపితే 'కొత్తకొత్తకొత్త'. "పాతది ఉందా అసలు?" అంది మా ఆవిడ. పెన్‌డ్రైవులో ఉంది, దేవుడి దయ.

డ్రోను వీడియోకి మాత్రం నా తప్పే మందయింది. దానికి శబ్దం లేదుగా, 25ని కావాలనే ముందు రాసి పరిగెత్తించాను. ఐరోపా టీవీలవాళ్లు దశాబ్దాలపాటు సినిమాలు ఇలాగే వేశారు, గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోయేది. గోదావరి మీద పడవ కాస్త తొందరగా పోతే అడిగేవాడెవడు?

మళ్లీ ఆదివారం, మళ్లీ అందరూ. మేళమూ జీలకర్రా ఒక్కసారే పడ్డాయి. సిద్ధాంతిగారు పంచాంగం మూశారు. నేను కాస్త పొంగిపోయి, ఎలా చేశానో చెప్పాను: "ఏం లేదండీ, ప్రతి ఆరు బొమ్మలకీ ఒకటి తీసేశానంతే."

వియ్యపురాలు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "తీసేశారా? మొత్తం ఎన్ని?"

"గంటకి లక్షా ఎనిమిది వేలుంటాయి. అందులో పద్దెనిమిది వేలు."

"పద్దెనిమిది వేలే! అన్నీ మావైపు వాళ్లవేనా, అన్నయ్యగారూ?"

అటూ ఇటూ చూసి తీసింది కాదమ్మా, వరసలో ఆరోది ఎవరిదైతే వాళ్లదే పోతుంది అని ఎంత చెప్పినా వినలేదు. వీఎల్‌సీలో 'ఈ' అక్షరం నొక్కితే బొమ్మ తరవాత బొమ్మ కదులుతుందని (అదీ పారిస్ ఇంజినీరింగు పిల్లలు చేసిందే) నేనే నోరు జారి చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, పాత వీడియో ఒక పక్కా కొత్తది ఒక పక్కా పెట్టించుకుని, నొక్కడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళకి నన్ను కేకేసింది.

"ఇదిగో, చూడండి. కళ్లు మూసుకుని ఉన్నాను, దీన్ని ఉంచారు. దీని పక్కదాంట్లో ఎంత బాగా నవ్వానో, దాన్ని తీసేశారు."