యుద్ధం బావ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని మా బావ ముక్కనుమ దాకా ఓపిక పడతాడు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి కవిటిలో మా వీధి చివర పద్నాలుగు మంది పట్టే బండి నిలబెట్టి ఇంటింటి తలుపూ బాదుతాడు. "లెగండర్రా, అవతల బొబ్బిలి పడిపోతంది!"

బొబ్బిలి కోట పడిపోయింది 1757 జనవరి 24న. ఆ సంగతి బావకి తెలియక కాదు. 24 దాకా ఆగితే విశాఖ నుంచీ సూరత్ నుంచీ పండక్కి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతారు, బండి నిండదు. అందుకని యుద్ధాన్ని ఓ వారం ముందుకి జరిపాడు. కోట మీదికి ఫిరంగులతో వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీకి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఆ బండిని లోకమంతా తుఫాను బండి అంటుంది. మా ఊళ్ళో మాత్రం అనరు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరి చెట్లని పడుకోబెట్టాక, తెల్లారిలేచి ఆ పేరు ఎవరూ ఎత్తరు. "పెద్ద బండి" అంటారు.

ఇలాంటి మనిషి ఊరికొకడు ఉంటాడు. పెళ్ళిలో వంటల దగ్గర పెత్తనం చేసేవాడు వేరు, రచ్చబండ మీద తీర్పులు చెప్పేవాడు వేరు. వీడు ఎప్పుడో ఓడిపోయిన యుద్ధాన్ని ఈసారైనా గెలిపిద్దామని తిరిగేవాడు. మా బావ వృత్తి కొబ్బరికాయల వ్యాపారం. చదివిన చరిత్ర పుస్తకాలు లేవు. చిన్నప్పుడు విన్న బుర్రకథ, 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు', ఇవే ఆయన గ్రంథాలయం. అందుకే ఆయన కథలో బొబ్బిలి వీరుడు పాపారాయుడు రాజాంలో ఎస్వీ రంగారావులా బయల్దేరి, బొబ్బిలి చేరేసరికి కృష్ణంరాజు అయిపోతాడు. దారిలో మీసం ఎక్కడ మారిందో ఎవరూ అడగం.

బొబ్బిలికీ మా కవిటికీ బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. అయినా బావకి విజయనగరం అంటే పడదు. దానికి ఆయన చూపించే కారణం కత్తుల నాటిది కాదు, కాయితాల నాటిది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టినప్పుడు, అంతదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న బొబ్బిలి అందులోకి పోయింది. 2022లో జిల్లాలు మళ్ళీ చీల్చినప్పుడు పాపారాయుడి రాజాం కూడా అటే పోయింది. "బుస్సీకి ఫిరంగులు కావలసొచ్చాయి. ఈళ్ళకి ఒక్క జీవో సరిపోయింది" అంటాడు బావ. ఈ ఒక్క మాట విన్నాక, ఆయన చరిత్రకారుడు కాదని తీసిపారేయడానికి నాకు నోరు రాదు.

మామూలు ఏడాదుల్లో కథ బండితో పాటే నడుస్తుంది. టెక్కలి దాటేసరికి బుస్సీ ఉత్తర సర్కారుల్లో కప్పాలు వసూలు చేసుకుంటూ పైకి వస్తుంటాడు. నరసన్నపేటలో టిఫిన్ దగ్గర విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బుస్సీ చెవి కొరుకుతాడు. చిలకపాలెం దగ్గర హైవే వదిలి కుడివైపు తిరిగితే ఫిరంగులూ మనతో పాటే తిరుగుతాయి. రాజాంలో టీ తాగుతుండగా పాపారాయుడికి కబురు అందాలి, అందదు. "ఇక్కణ్ణించి మన బండికి ముప్పావు గంట. గుర్రానికెంతో మీరే లెక్కేసుకోండి" అని బావ గ్లాసు పక్కన పెడతాడు. ఆ దుఃఖంలో టీ డబ్బులు ఎప్పుడూ నేనే ఇస్తాను.

మొన్నటి సంక్రాంతికి చిక్కొచ్చింది. ముందు సీట్లో కొత్త అల్లుడు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సొంతిల్లు.

నరసన్నపేట వచ్చింది. ఇడ్లీలు వచ్చాయి. విజయరామరాజు చెవి కొరకాల్సిన సమయం వచ్చింది. బావ అల్లుడి వంక చూశాడు, చట్నీ వంక చూశాడు.

"అక్కడ... ఎవరో ఒక పెద్దమనిషి బుస్సీతో ఏదో అన్నాడు."

"ఎవరు తాతా?" అన్నాడు మా చెల్లెలి మనవడు.

"ఎవరో నేరా. ఇడ్లీ తిను."

"విజయరామరాజు కదా? నిరుడు చెప్పావు, వాడు ఉత్త దొంగ..."

"నిరుడు చెప్పింది నిరుటిది!" అని బావ గట్టిగా అరిచి, "అల్లుడు గారండీ, ఇంకో వడ?" అన్నాడు మెత్తగా.

అప్పటినుంచీ చరిత్ర దారి మళ్ళింది. తప్పంతా బుస్సీది. ఆయన దివాను హైదర్ జంగుది. అరవై కిలోమీటర్లు గడిచేసరికి విజయరామరాజు, పాపం, మొహమాటపడి యుద్ధానికి వచ్చిన చుట్టంలా తయారయ్యాడు.

బొబ్బిలిలో ముందు కోటలోని మ్యూజియానికి వెళ్ళాం. ఇది ఆ యుద్ధం చూసిన కోట కాదు, తర్వాత కట్టుకున్నది. ఆ మాట బావ ఎవరికీ చెప్పడు, చెబితే గుంటలకి ఉషారు తగ్గిపోతుందట. లోపల అద్దాల వెనక కత్తులు, తుపాకులు. నలభై ఏళ్ళుగా కొబ్బరికాయల్ని లెక్కబెట్టిన చెయ్యి ఊరుకోదుగా. వేలు ఆడిస్తూ మొదలెట్టాడు. "లాభం... రెండు... మూడు..."

కాయలైనా ధాన్యమైనా మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం. పక్కనే చేతికర్ర పట్టుకుని నిలబడ్డ మా అత్త, అంటే బావ తల్లి, ఎనభై దాటిన మనిషి, ఆగి కొడుకు వంక చూసింది.

"మనుసుల్ని నరికిన కత్తుల కాడ లాభవేటిరా?"

బావ వేలు గాల్లోనే ఆగిపోయింది. కాసేపు గొంతు సవరించుకుని "ఒకటి... రెండు..." అని మళ్ళీ మొదలెట్టాడు. నాకు తెలిసి ఆయన నోట ఒకటితో మొదలైన లెక్క అదొక్కటే.

తర్వాత పాత కోట చోటు. అక్కడ ఉన్నది 1891లో నిలబెట్టిన స్మారక స్తంభం. చుట్టూ చూస్తే ఊరు, ఎండ. పెద్ద పెద్ద దేశాల్లో యుద్ధం జరిగిన చోట బొమ్మలూ, పటాలూ, చీకటి గదిలో ఫిరంగి మోతలూ పెట్టి ఓ భవనం కడతారట. మాకు ఆ భవనం బావే. స్తంభం ముందు ఏటా నిలబడే చోటే నిలబడి, చేతులు చాచి మొదలెట్టాడు. పొద్దున్నే ఫిరంగులు గోడ మీద పడ్డం, బొబ్బిలి రాజు రంగారాయుడికి గెలుపు ఆశ పోవడం, శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకోవడం, ఇళ్ళకి నిప్పు పెట్టుకోవడం, మగవాళ్ళంతా పోరాడి పోవడం, పసివాడు చిన్న రంగారాయుడొక్కడు మిగలడం. ఇక్కడ బావ గొంతు ఏటా పూడుకుపోతుంది. ఏటా నాకూ పూడుకుపోతుంది. దారంతా నవ్విన మనిషిని చూసి ఇక్కడ నవ్వు రాదు, అది ఆయన విద్య.

కళ్ళు తుడుచుకుని ఆఖరి ఘట్టానికి వచ్చాడు. "మూడో రాత్రి. పాపారాయుడు పులిలాగ పాక్కుంటొచ్చి, విజయరామరాజు గుడారంలో దూరాడు. దూరి..."

అందరం ఊపిరి బిగబట్టాం. బావ అల్లుణ్ణి చూశాడు.

"దూరి... పలకరించాడు."

స్తంభం మీది కాకి కూడా కదల్లేదు. అల్లుడు చిన్నగా దగ్గాడు.

"పొడిచి చంపాడు మావయ్య గారూ. మా ఊళ్ళో కూడా అలాగే చెప్పుకుంటాం."

"మీరూ అలగే సెప్పుకుంటారా?" బావ మొహం విప్పారింది. నాలుగు గంటలుగా కడుపులో దాచుకున్న విజయరామరాజుని ఒక్క గుక్కలో అక్కడే చంపేశాడు, కృష్ణంరాజు డైలాగుల సహా. గుంటలు ఈలలేశారు.

తిరుగు దారిలో అల్లుడే కదిపాడు. "తర్వాత మా వాళ్ళకీ అయిందండి. 1794 జూలై 10న, పద్మనాభంలో. కంపెనీ సైన్యంతో తలపడి చిన విజయరామరాజు గారు పోయారు. గంటైనా పట్టలేదంటారు."

"గంటైనా?"

"పట్టలేదండి."

బావ చాలాసేపు మాట్లాడలేదు. శ్రీకాకుళం దాటాక వెనక్కి తిరిగి, "పద్మనాభవంటే భీవిలి కాడే. కొండుంటాది. ఆ కొండ కింద రాజుగారు..." అని మొదలెట్టాడు. టెక్కలి వచ్చేసరికి విజయనగరం సైన్యానికి మా బావే సేనాపతి.

హరిపురం దగ్గర మందస వైపు దారి కనిపించగానే మా అత్త అద్దంలోంచి చెయ్యి చూపించింది. ఆమె పుట్టిల్లు అటే.

"గుడారి రాజమణిపురం ఈ దారేరా. మందస జమీందారు అడివిలో కర్రలు కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకుపోడానికి పోలీసులొస్తే, గున్నమ్మ అడ్డంగా నిలబడింది. కడుపుతో ఉండగానే కాల్సీసారు. అక్కడికి ఎప్పుడు తీసికెల్తావు?"

అది 1940 ఏప్రిల్ 1. వీర గున్నమ్మ అని ఇప్పటికీ మా వైపు చెప్పుకుంటారు.

"అది దగ్గరే కదే అమ్మా, ఎప్పుడైనా ఎల్లొచ్చు" అన్నాడు బావ. బండి ఆగలేదు.

వచ్చే ముక్కనుమకి పద్మనాభం. పేర్లు ఇప్పుడే రాసుకుంటున్నాడు. వెనక రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి. వచ్చేవాళ్ళు నాతో చెప్పండి, జంతికలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, టీ డబ్బులు ఈసారి నేనివ్వను.