నాలుగు ఆప్షన్లు ఇవ్వని నిర్దయులు

రెడ్ హ్యాట్ వాళ్లకు బొత్తిగా జాలి లేదండీ. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షకు వెళ్తే ఏ, బీ, సీ, డీలు మచ్చుకైనా కనిపించవు. ఓ లైనక్స్ మెషీన్ ముందు కూర్చోబెట్టి యూజర్లను క్రియేట్ చెయ్యి, డిస్కు మౌంట్ చెయ్యి అంటారు. ఇంటర్నెట్ ఉండదు. 300కి 210 వస్తేనే పాస్. పైగా, చేసిందంతా రీబూట్ అయ్యాక కూడా పని చెయ్యాలట! ఆ మౌంట్ వివరాలు రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా, మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో చతికిలబడుతుంది. లేవని మెషీన్‌కు మార్కులెవరు వేస్తారు? మూడు గంటల కష్టం గోవిందా.

ఇది అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ఆత్మగౌరవానికి దెబ్బ కాదూ? అక్కడ ప్రశ్నలూ జవాబులూ నింపిన డంప్స్ అనే మహత్తర పీడీఎఫ్ ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. "అమెజాన్ క్లౌడ్ పరీక్షకైతే ప్రశ్నంతా చదవక్కర్లేదు తమ్ముడూ, తక్కువ ఖర్చు అని కనిపిస్తే ఎస్3 ఉన్న ఆప్షన్ పెట్టెయ్. ఎందుకని అడక్కు, పరీక్షలో ఎందుకని అడగరు." ఇంత స్పష్టమైన బోధన ఇంకెక్కడ దొరుకుతుంది?

అలాగని ప్రాక్టికల్స్ మనకు కొత్తేం కాదు. బ్యూరెట్ ముట్టకుండానే టైట్రేషన్ విలువలు రాసి, సీనియర్ రికార్డు చూసి రికార్డు దించి, ఇంటర్లో 30కి 30 తెచ్చుకున్న జాతి మనది. ఎక్స్‌టర్నల్ గారు పెద్ద మనసు చేసుకుంటారు. కంప్యూటర్‌కు ఆ మర్యాద తెలియదు, అంతే తేడా.

కుబర్నెటీస్ వాళ్లది ఇంకో రకం వేధింపు. సీకేఏ పరీక్షలో వాళ్ల డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చంటారు. తీరా చూస్తే, ఆ రెండు గంటల్లో ఏ పేజీ తెరవాలో తెలియాలన్నా పని వచ్చి ఉండాలి!

అమెజాన్ కాస్త నయం. 2021లో సిస్‌ఆప్స్ పరీక్షలో ల్యాబులు పెట్టి, 2023 మార్చిలో తీసేసింది. కారణం ఏదైతేనేం, పరీక్షంతా మళ్లీ ఆప్షన్లే. సర్టిఫికెట్ లింక్డిన్‌లో పెడితే "కంగ్రాట్స్ బ్రో" అనేవాడెవడూ ల్యాబ్ చేశావా అని అడగడుగా.

అసలు దిగులు వేరే ఉంది. సిస్కో పెట్టే ఎనిమిది గంటల సీసీఐఈ ల్యాబుకు కూడా డంపులు తయారుచేసిన ఘనులున్నారు. బాగానే ఉంది కానీ, ఆ కాన్ఫిగరేషన్ అంతా చేత్తో కొట్టి కొట్టి బట్టీ పట్టేసరికి కొందరికి ఖర్మకాలి పని కూడా వచ్చేస్తోంది.