గీత దాటని వెలుగును

నేనొక లేజర్ డయోడ్‌ని. పుణె జిల్లా ఖోడద్ దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌లో, 45 మీటర్ల డిష్ కింద నా కాపురం. గోవింద్ స్వరూప్ గారి పూనికతో వెలసిన ఇలాంటి డిష్‌లు ఇక్కడ 30 ఉన్నాయి. కొన్ని కంట్రోల్ రూమ్‌కు పది కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. అంత దూరం రాగి కేబుల్ వేస్తే సిగ్నల్ దారిలోనే ఇంకిపోతుంది. అందుకే డిష్ పట్టిన రేడియో తరంగాన్ని నాకు అందిస్తారు. దాని హెచ్చుతగ్గులకు తగ్గట్టు నా వెలుగు మారుతూ ఫైబర్‌లో ప్రయాణిస్తుంది.

కొంత కరెంటు అందేదాకా నేను సరిగా వెలగను. ఆ హద్దు దాటాక కరెంటుకు తగ్గట్టు వెలుగు పెరుగుతుంది. మరీ పెంచితే మందగిస్తుంది. ఈ రెంటి నడుమ, తిన్నని గీతలా సాగేచోటే నేను ఉన్నది ఉన్నట్టు చెప్పగలను. అందుకే బయాస్ కరెంటు ఇచ్చి నన్ను ఎప్పుడూ అక్కడే నిలబెడతారు.

అసలు చిక్కు సెల్ టవర్లతో. 940, 950 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు గట్టి సిగ్నళ్లు ఒకేసారి నా మీద పడ్డాయనుకోండి. నేను కాస్త గీత తప్పితే చాలు, 930, 960 దగ్గర కొత్తగా మరో రెండు పుడతాయి. అవి ఆకాశంలో లేవు, నాలో పుట్టినవి. మేం వెతికే హైడ్రోజన్ సిగ్నల్ బయలుదేరేది 1420 మెగాహెర్ట్జ్ దగ్గర. విశ్వం వ్యాకోచిస్తూండటంతో, దూరపు గెలాక్సీల నుంచి ఇక్కడికి చేరేసరికి అది ఏ 930కో దిగిపోవచ్చు. అప్పుడు అసలేదో దొంగేదో తెలిసేదెలా? ఒకేచోట కలిసిపోయినవాటిని తర్వాత ఏ ఫిల్టరూ విడదీయలేదు. లేని సిగ్నల్‌ను ఉన్నట్టు చూపడం కంటే ఘోరం మా జాతికి మరొకటి లేదు.

కనుక జాగ్రత్తంతా సిగ్నల్ నా దాకా రాకముందే పడాలి. టవర్ల బ్యాండ్లను నాచ్ ఫిల్టర్లు అక్కడే కోసేస్తాయి. సిగ్నల్‌ను ఒక్క డెసిబెల్ తగ్గిస్తే ఈ దొంగ సిగ్నళ్లు మూడు డెసిబెళ్లు తగ్గుతాయి. అలాగని మరీ తగ్గిస్తే అసలుది నా సొంత రొదలో మునిగిపోతుంది. స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెర మీద కళ్లు పెట్టి ఆ రెంటికీ మధ్య చోటు వెతికే ఇంజినీర్ల ఓపికంటే నాకు ఎంతో గౌరవం. వెలుగు కనెక్టర్‌కు తగిలి నాలోకి తిరిగొచ్చినా తడబడతాను. నాలాంటి వాళ్లకు వాడే ఆకుపచ్చ కనెక్టర్లలో ఫైబర్ కొసను ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా అరగదీసేది అందుకే.

ఖోడద్ వచ్చినప్పుడు దయచేసి మీ సెల్‌ఫోన్ స్విచాఫ్ చేయండి. కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన ఆ సన్నని సిగ్నల్ కన్నా మీ జేబులోని ఫోన్ మాకు ఎన్నో రెట్లు గట్టిగా వినిపిస్తుంది.