ఇఖామా ఉన్నంతవరకే రియాల్

డిజిటల్ కరెన్సీ గురించిన చర్చల్లో పండితులను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టేది 'ప్రోగ్రామబుల్ మనీ', అనగా ఎవరు, ఎప్పుడు, దేనికి ఖర్చుపెట్టవచ్చునో ముందే షరతులు విధించి జారీచేసే డబ్బు. ఎక్కడో ఎవరో మీట నొక్కితే సొంత సొమ్మే చెల్లకుండా పోతుందేమోనన్నది వారి ఆందోళన. సౌదీ అరేబియాలో పనిచేస్తున్న జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల కార్మికులను ఆ చర్చలకు పిలిచి ఉంటే, ఆ భయంకర భవిష్యత్తులో వారు ఎప్పుడో కాపురం పెట్టారని తేలేది. 2013 నుంచి అంచెలంచెలుగా అమలైన వేతన రక్షణ విధానం ప్రకారం అక్కడ జీతం ఖాతాలో పడాలి; ఖాతాకైనా, ఫోనులోని వాలెట్‌కైనా ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు ఉండాలి; దాన్ని రెన్యువల్ చేయించవలసిన బాధ్యత కార్మికుడిది కాక కఫీలుది, అంటే పనిలో పెట్టుకున్న యజమానిది. కఫీలు మరచిపోయినా, మరచిపోయినట్టు నటించినా, కార్డు గడువు తీరాక ఖాతా కూడా స్తంభించిపోతుంది. నిపుణులు ఇంకా నమూనాలు గీసుకుంటున్న షరతుల డబ్బు ఒక్క బ్లాక్‌చెయిన్ అయినా లేకుండా ఇంత చవకగా అమలు కావడం అభినందించదగిన విషయమే.

ఇఖామా పోయి 'ఖల్లివల్లి' అయినవాడికి, అనగా కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకునేవాడికి, మిగిలేవి నోట్లూ హుండీయే. రియాద్‌లో ఒకరి చేతికి రియాళ్లిస్తే ఊళ్లో మరొకరు ఇంటికి వచ్చి రూపాయలు అప్పగిస్తారు. సరిహద్దు దాటేది సొమ్ము కాదు, లెక్క మాత్రమే. ఇది రెండు దేశాల్లోనూ చట్టవిరుద్ధం కాబట్టి మోసపోయినవాడు ఫిర్యాదు చేయడానికి కూడా వీలుండదు. ఇదే పనిని అధికారికంగా చేసి చూడడానికి 2019లో సౌదీ, ఎమిరేట్స్ కేంద్ర బ్యాంకులు 'అబెర్' పేరిట చేపట్టిన ప్రయోగంలో ఆరు వాణిజ్య బ్యాంకులు పాల్గొన్నాయి; ఉమ్మడి డిజిటల్ కరెన్సీని అందరివద్దా ప్రతి ఉండే ఖాతాపుస్తకంమీద నడిపి, సరిహద్దు చెల్లింపులు ఈ పద్ధతిలో సాధ్యమేనని కేంద్ర బ్యాంకులు 2020 నవంబరు నివేదికలో ప్రకటించాయి. హుండీ వ్యాపారులను సలహాదారులుగా నియమించుకుని ఉంటే నివేదిక మరికొంత త్వరగా వచ్చేదేమో.

కొత్త డబ్బును పాత పేరుతో ప్రవేశపెట్టడంలో సౌదీ కేంద్ర బ్యాంకుకు అనుభవం తక్కువేమీ కాదు. కాగితపు కరెన్సీ జారీచేయరాదని దాని తొలి నిబంధనలే శాసిస్తుండగా, వెండి నాణేల మూటలు మోయలేని హజ్ యాత్రికులకోసం 1953లో అది 'రసీదులు' ముద్రించింది. యాత్రికులు వెళ్లిపోయినా రసీదులు వెళ్లలేదు, జనం వాటిని వెండిగా మార్చుకోవడం మానేసి వాటితోనే బేరాలు సాగించారు, అసలు నోట్లు 1961లోగాని రాలేదు. 2018 ఆగస్టులో బిట్‌కాయిన్‌వంటి వర్చువల్ కరెన్సీలకు దేశంలో చట్టబద్ధత లేదని, వాటి వ్యాపారానికి ఎవరికీ లైసెన్సు ఇవ్వలేదని ప్రభుత్వ కమిటీ హెచ్చరించింది. జనం నమ్మకంతో నడిచే డబ్బు ప్రమాదకరమన్న ఆ హితవు రసీదుల కాలంలో వినిపించకపోవడం కేంద్ర బ్యాంకు అదృష్టం.

2024 జూన్‌లో సౌదీ కేంద్ర బ్యాంకు చైనా, హాంగ్‌కాంగ్, థాయిలాండ్, ఎమిరేట్స్ అప్పటికే ఉన్న 'ఎంబ్రిడ్జ్' అనే ఉమ్మడి డిజిటల్ చెల్లింపుల వేదికలో చేరింది. అది బ్యాంకుల మధ్య చెల్లింపులకు ఉద్దేశించినది కావడంవల్ల, నెల జీతంలోంచి ఇంటికి పంపేవాడు మునుపటిలాగే రుసుమూ, ఆ రుసుముమీద 15 శాతం వ్యాటూ కడుతున్నాడు.