దగ్గరికొచ్చి తియ్యి, బేటా

లాడ్ బజార్‌ను ఫోటో తీయాలనుకునేవాళ్లు సాయంత్రం నాలుగు దాటాక రావాలి. చార్మినార్ దగ్గర మొదలయ్యే ఆ వీధి పడమటికి సాగుతుంది. పొద్దు వాలేవేళ ఎండ ఆ కొస నుంచి ఈ కొస దాకా నేరుగా పడుతుంది. దుకాణాల్లో వరసలు కట్టిన గాజుల మీది రాళ్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. అప్పుడు తూర్పుకు తిరిగి చూస్తే, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన నాలుగు మీనార్లూ తేనెరంగుకు మారి ఉంటాయి. పొద్దున వెళ్తే సూర్యుడు కట్టడానికి వెనక ఉంటాడు, చార్మినార్ నల్లటి ఆకారంగానే ఫోటోలో మిగులుతుంది.

ఈ సంగతంతా మా మేనల్లుడికి ఫోన్‌లోనే చెప్పాను. వాడు బెంగళూరులో ఉంటాడు. ఊళ్లు తిరిగి ఫోటోలు తీయడమే వాడి బతుకుతెరువు. జైపూర్ జోహరీ బజార్, ఢిల్లీ చాందినీ చౌక్ అయిపోయాయి, ఇప్పుడు మా ఊరి వంతు.

"చార్మినార్ నాకొద్దు అత్తా, అందరూ తీశారు. గాజు ఎక్కడ పుడుతుందో చూపించు" అన్నాడు రాగానే.

నాకు వాడి మీద గౌరవం పుట్టింది. ఈ వీధికి వచ్చే కెమెరాల్లో ఎక్కువ భాగం దుకాణం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. రంగులు అక్కడే దొరుకుతాయి కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. కానీ బజారంటే అమ్మే చోటు మాత్రమే కాదు కదా.

ముందు వీధంతా నడిచాం. "ఆవో బాజీ, దేఖ్‌నేకు పైసే నహీ" అని రెండు పక్కల నుంచీ పిలుపులు. ఒక పెళ్లివారి గుంపు ముత్యాల గాజులా, అద్దాల గాజులా అని తేల్చుకోలేక గుమ్మంలోనే నిలబడి ఉంది. ముసలి దుకాణదారు పెళ్లికూతురి చెయ్యి వైపు ఒక్క చూపు చూసి "టూ సిక్స్" అన్నాడు. గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులని దానర్థం. వేసి చూస్తే సరిగ్గా సరిపోయింది. కొలత బద్ద లేకుండా చెయ్యి చూసి చెప్పగలగడం ఈ వీధి పెద్దల విద్య. మేనల్లుడు ఆ చూపును పట్టుకున్నాడు. చెయ్యినీ గాజునీ వదిలేసి, ముసలాయన కళ్లను మాత్రమే తీశాడు. మంచి ఫోటో అది.

తీసే ముందు ప్రతిసారీ అడిగేవాడు. వద్దన్న చోట కెమెరా దించేసేవాడు. అది చూసి వాడికి రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడాయన. పరదాలో ఉండే స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోలేరని 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే విడిగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. కెమెరా ముందు కూర్చునే మనిషికి ఇబ్బంది కలగకూడదన్న ఆలోచన ఈ నగరంలో అంత పాతది. వాడు శ్రద్ధగా విన్నాడు.

ఆ తర్వాత వీధి వెనక గల్లీలోకి తిరిగాం. పెళ్లిళ్లకు గాజులు కొని కొని నాకు అక్కడ ఒక ఇల్లు తెలుసు. ముందు గదే కార్ఖానా. బొగ్గుల కుంపటి, దాని చుట్టూ ముగ్గురు మగవాళ్లు, గోడవార ఆడవాళ్లు.

ఇక్కడ చేసేవి లక్క గాజులు. ఆ లక్క పుట్టుక తెలిస్తే గాజు మీద మనసు మారిపోతుంది. కుసుమ, రేగు, మోదుగ కొమ్మల మీద కంటికి ఆననంత చిన్న పురుగులు గుంపుగా చేరి రసం పీలుస్తూ, తమ చుట్టూ జిగురు లాంటి గూడు అల్లుకుంటాయి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కొమ్మల నుంచి గీకి తీసే ఆ లక్క ఇక్కడి కుంపటి దాకా వస్తుంది. కర్ర కొసన ముద్దను తిప్పుతూ కాస్తారు. మెత్తబడ్డాక రంగు లక్కను పైన పూసి, చెక్కతో ఒత్తి పొడుగ్గా సాగదీస్తారు. కొలతకు కోసి, కొసలు కలిపి, గుండ్రటి కొయ్యకు తొడిగి వలయం చేస్తారు. ఇదంతా నిమిషాల పని. అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. వేడి రేకు మీద గాజును ఉంచి, ఒక్కొక్క రాయినీ సూది మొనతో ఎత్తి, లక్క మీద పెట్టి, వేలి కొసతో నొక్కాలి. చల్లారితే రాయి దిగదు. కాబట్టి వేడి తగ్గకముందే నొక్కాలి. ఒక్కో గాజుకు పదుల కొద్దీ రాళ్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

ఈ గాజులకే 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ లక్క గాజు అన్న పేరును ఇక వేరే ఊరి గాజుకు పెట్టుకోవడం కుదరదు. ఆ వార్త చదివిన రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

గోడవార కూర్చున్నవాళ్లలో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉంది. అక్కడ అందరూ ఆమెను నానీ అనే పిలుస్తారు. పన్నెండేళ్లకే ఈ పనికి కూర్చున్నదట. కుడి కంట్లో పొర తెల్లగా కనిపిస్తోంది. అయినా వేళ్లు ఆగడం లేదు. రాయి ఎక్కడ పడాలో చూపుతో కాక స్పర్శతోనే తెలుస్తున్నట్టుంది.

మేనల్లుడు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "నానీ, ఒక ఫోటో తీసుకోవచ్చా?"

"మొకం నక్కో, బేటా" అంది ఆమె, దుపట్టా సర్దుకుంటూ.

"మొహం వద్దు నానీ. మీ చేతులు చాలు. ఆ చేతులు చూస్తేనే మీరెవరో గుర్తుపట్టేయొచ్చు."

ఆమె చెయ్యి ఆగింది. మేం వచ్చాక ఆమె తలెత్తి చూడటం అదే మొదటిసారి.

"గుర్తుపడతదా, నీ మిషన్?"

"ఎందుకు పట్టదు నానీ! చీమ కాలి మీది నూగు కూడా పడుతుంది దీంట్లో."

ఆమె గాజు పక్కన పెట్టింది. నీళ్ల గిన్నెలో చేతులు ముంచి, కొంగుతో శుభ్రంగా తుడుచుకుని, పది వేళ్లూ చాచి కిటికీ వెలుతురులో పట్టుకుంది. చుట్టూ ఉన్న కోడళ్లు నవ్వారు. నానీకి ఫోటోల సరదా పుట్టింది చూడండి అన్నారు. ఆమె నవ్వలేదు.

వాడు కటకం మార్చాడు. చిన్న వస్తువుల్ని అతి దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్ బిగించాడు. నాకు వాడి పని అంతా ఆ పది నిమిషాల్లోనే అర్థమైంది. అరచేతి మీద పాత కాలిన మచ్చలు, మణికట్టు దగ్గర ఉబ్బిన నరాలు, ఏ ఒక్కదాన్నీ అందంగా చూపించాలని గానీ దీనంగా చూపించాలని గానీ వాడు ప్రయత్నించలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు, వెలుతురు ఎటు నుంచి వస్తే అటు తిరిగి తీశాడు.

"దగ్గరికొచ్చి తియ్యి, బేటా" అంది ఆమె.

వాడు జరిగాడు.

"ఇంకింత దగ్గరికి. ఈ బొటనవేలు తియ్యి. మంచిగ తియ్యి."

ఏ ఊళ్లోనూ ఎవరూ వాడిని ఇలా అడిగి ఉండరు. వాడి మొహం వెలిగిపోతోంది. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు తీశాడు.

"వచ్చినయా?"

"అన్నీ వచ్చాయి నానీ. ప్రతి ముడతా వచ్చింది."

"ముడతలు కాదు బేటా. వేళ్ల కొసలకు సన్నగ గీతలుంటయి చూడు, అవి వచ్చినయా?"

వాడు కెమెరా వెనక తెర మీద ఫోటోను పెద్దది చేశాడు. నేనూ వంగి చూశాను. తెర నిండా బొటనవేలు. ఇంకా పెద్దది చేశాడు. గోరు అంచున ఇరుక్కున్న చమ్కీ పొడి కూడా రవ్వరవ్వగా కనబడింది. వేలి కొస మాత్రం గులకరాయిలా నున్నగా ఉంది. వాడు రెండో ఫోటో చూశాడు, మూడోది చూశాడు. పైకీ కిందికీ జరిపాడు. ఎక్కడా ఒక్క గీత లేదు.

మేం నోరు తెరవకముందే ఆమెకు తెలిసిపోయింది.

"లెవ్వు గదా" అంది. చేతులు వెనక్కి తీసుకుని మళ్లీ గాజు అందుకుంది. "రేషన్ దుకాణంల వేలు పెడితే పట్టుకుంటలేదు. కన్ను పెట్టుమన్నరు, పొర అడ్డమొచ్చిందట. రెండు నెలల సంది బియ్యం లెవ్వు. ఆ మిషన్‌ల నేను లేనట, బేటా. నీది పెద్ద మిషన్ గదా, దీంట్లనన్న ఉంటనేమో అనుకున్న."