నాచురల్‌గా నవ్వరా!

మా చిన్న బాబాయికి ఇద్దరే శత్రువులు: కెమెరా వైపు చూసే పిల్లలు, కెమెరా వైపు చూడని పిల్లలు.

బ్యాంకులో రిటైరయ్యాక కొన్న ఆ కెమెరా మెడలో పడ్డప్పట్నుంచి, మా చుట్టాలిళ్లలో బారసాలైనా అన్నప్రాసనైనా పంతులుగారికంటే ముందు ఆయనే దిగుతాడు. వస్తూనే ప్రకటన: “పోజులంటే నాకు గిట్టదు. నాదంతా క్యాండిడ్.” ఆ వెంటనే, హాయిగా పొర్లి ఆడుకుంటున్న పిల్లల్ని ఆపి, వరసలో నిలబెట్టి, “నేనిక్కడ లేననుకోండి. ఆడుకోండి. ఒరేయ్ నువ్వు, అటు చూసి నవ్వు. అలా కాదురా, నాచురల్‌గా!” మా అమ్మాయి ఈ తాతయ్య కోసమే ప్రత్యేకంగా దాచుకున్న నవ్వొకటి ఉంది. పళ్ల డాక్టరు ముందు కూడా అంత నోరు తెరవదు.

సిద్ధాంతంలో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు. పిల్లల ఫొటో వాళ్ల కంటి ఎత్తు నుంచే తియ్యాలంటాడు. నిజమే. కానీ ఆయన మోకాళ్లు వంగవు కదా, అందుకని పిల్లల్నే ఎత్తి డైనింగ్ టేబుల్ మీద నిలబెడతాడు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ ఆయన ఇలవేల్పు. 1952లో బ్రెసాన్ పుస్తకం ‘ద డెసిసివ్ మూమెంట్’ వచ్చిందన్న సంగతి ప్రతి ఫంక్షన్‌లోనూ సంకల్పం చదివినట్టు చదువుతాడు. ఆ బ్రెసాన్ ఎవరి కంటా పడకూడదని తన లైకా మీద మెరిసే చోట్లకు నల్ల టేపు అంటించుకున్నాడు, ఫ్లాష్ అంటేనే మండిపడ్డాడు. మా బాబాయి మెడలో కంపెనీ పేరు రాసిన పసుపుపచ్చ పట్టీ. ఫ్లాష్ సరేసరి, పట్టపగలు కూడా.

ఆయన ఆటలు సాగనిది మా చెల్లెలి కొడుకు దగ్గర. ఎనిమిదేళ్లవాడు, ఆటిజం ఉంది. బాబాయి పేరు పెట్టి పిలిచాడు, చప్పట్లు కొట్టాడు, తాళాల గుత్తి ఊపాడు. వాడు చెవులు మూసుకున్నాడు. ఫ్లాష్ వెలిగేసరికి మంచం కింద దూరాడు. మా చెల్లెలు పెద్దవాళ్లకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కెమెరా లాక్కుంది.

“బాబాయ్, ముందు ఈ ఫ్లాష్ ఆపు. ఆ కీచుమనే సౌండ్ తీసెయ్. వాణ్ణి పిలవకు, నీ కళ్లలోకి చూడమనకు, వాడికది కష్టం. చేతులు దించమని అసలే అనకు, వాడి సంతోషమంతా ఆ చేతుల్లోనే. ఓ మూల కూర్చో. వాడు మొహం తిప్పుకుంటే లేచి వచ్చెయ్. నాకు చూపించకుండా గ్రూపులో పెట్టావో...”

కూర్చున్నాడు. గోడకు జారబడి, మూలుగుతూ, నేల మీదికే దిగాడు. ఆయన అంతసేపు నోరు మూసుకోవడం పెళ్లయ్యాక పిన్ని ఎప్పుడూ చూడలేదట. కాసేపటికి వాడే బయటికొచ్చి, వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెచ్చి కిటికీ కింద వరసగా పేర్చాడు. చెంప నేలకు ఆనించి, ఆ అంచుల వెంట ఓరగా చూస్తూ, గ్లాసుల మీద ఎండ తళుక్కుమన్నప్పుడల్లా రెండు చేతులూ టపటపా ఆడించాడు. బాబాయి షట్టర్ శబ్దం లేకుండా పెట్టి, వేగం సెకనులో 60వ వంతుకు తగ్గించి తీశాడు. మొహం స్పష్టంగా వచ్చింది, చేతులు మాత్రం చెరిగిపోయి, ఇంకా ఆడుతున్నట్టే ఉన్నాయి. మనిషి మీద నాకెంత కోపమున్నా ఒప్పుకోవాలి, మా ఇళ్లలో ఏ పిల్లకీ పిల్లాడికీ అంత మంచి ఫొటో లేదు. చెల్లెలు దాన్ని ఫ్రేము కట్టించింది. గ్రూపులో మాత్రం పెట్టనివ్వలేదు.

వచ్చిన చిక్కల్లా, ఆ విద్య ఇప్పుడు పెద్దవాళ్ల మీద ప్రయోగిస్తున్నాడు. ఫ్లాష్ లేదు, సౌండ్ లేదు, ఏ తలుపు వెనక నక్కి ఉంటాడో తెలీదు. మొన్న ఒక గృహప్రవేశంలో నేను గారె మొత్తం నోట్లో కుక్కుకుని, ఇంకోదాని కోసం వడ్డించే అబ్బాయి వైపు చెయ్యి చాపుతుండగా పట్టేశాడు. మా ఫ్యామిలీ గ్రూపుకు ఇప్పుడదే డీపీ. నన్నొక మాట అడగాలి కదా బాబాయ్ అని ఫోన్లో అరిస్తే, “అదేంట్రా, మీ అమ్మకు చూపించాకే పెట్టాను” అన్నాడు.